చంక దిగరాదు

మా సంస్థ పేరు సంప్రదాయ శిశు పోషణ పరిశోధన, వికాస, విస్తరణ సంస్థ. ఆ పేరు పూర్తిగా పలికేలోపు శిశువుకి మీసాలొస్తాయి. అందుకని ఊళ్ళో అందరూ 'పిల్లలాఫీసు' అంటారు. అందులో నేను సూపరింటెండెంటుని. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లనీ పెంచిన పాపాన పోలేదు గానీ ఫైళ్ళను మాత్రం అల్లారుముద్దుగా పెంచాను. వాటిలో కొన్నిటికి ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది.

మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన పిల్లలిద్దర్నీ ఆయన భార్య పెంచింది. అందుచేత పిల్లల పెంపకం మీద ఆయన అభిప్రాయాలకు అనుభవం ఎక్కడా అడ్డురాదు. ఆయన ఏదో సెమినారుకి వెళ్ళొచ్చి, మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచారు.

"జోగారావు గారూ, ఆధునిక జననీజనకులు పెంపకమను విద్యను విస్మరించిరి. ఆ విద్య ప్రాచీన సమాజములందు మాత్రమే సజీవముగా నున్నది. మనము కొండకు పోవలెను."

"ఏ కొండకి సార్?"

"జీపు ఎక్కగలిగిన కొండకు."

అలా నిమ్మలగొంది ఎంపికైంది. ఆ ఊరికి ముందుగా ఉత్తరం రాసింది నేనే. 'గౌరవనీయ డైరెక్టరు గారు విచ్చేయుచున్నారు గాన గ్రామము మిక్కిలి పరిశుభ్రముగా నుండవలెను' అని. ఇది మా ఆఫీసులో అచ్చు నమూనా. బావి తనిఖీకైనా బాలింతల సదస్సుకైనా అదే వాక్యం. తేదీ మార్చి పంపించేశాను.

డైరెక్టరు గారు, నేను, ఇన్‌స్పెక్టరు దమయంతి గారు, ముగ్గురం వెళ్ళాం. జీపులో తొమ్మిది గంటలు, ఊళ్ళో రెండు గంటల ఇరవై నిమిషాలు. నివేదికలో దాన్ని 'సుదీర్ఘ క్షేత్ర అధ్యయనము' అని రాశాం. జీపు వైపు నుంచి చూస్తే అబద్ధం కాదు.

ఆ రోజు ముసురు పట్టింది. ఊరంతా కొత్తగా పేడ వాసన, ఎర్రమట్టి వాసన. మేం దిగీ దిగగానే సింగారమ్మ అనే ముసలావిడ పరుగున వచ్చి నులక మంచాలు వేయించింది.

"మంచం మీదే కూకోండి బాబూ. కాళ్ళు పైకెట్టుకోండి. కింద పెట్టకండి."

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. "అతిథి పాదమును సైతం నేల తాకనివ్వని సంస్కృతి. రాయండి."

రాశాను.

తలెత్తి చూస్తే ఊళ్ళో ముప్పై ఒక్క మంది పసిపిల్లలూ ఎవరో ఒకరి చంకలో ఉన్నారు. తల్లి అలిసిపోతే పిన్నికి, పిన్ని నుంచి తాతకి, తాత నుంచి పక్కింటి అక్కకి. ఒక పిల్లవాడు నా కళ్ళముందే ఎనిమిది చంకలు మారాడు. ఒక్క కాలూ నేల మీద లేదు.

"గమనించితిరా? ఒక్క శిశువూ భూస్పర్శ చేయుట లేదు."

"అందరూ కిందికే చూస్తున్నారు సార్. కొంతమంది ఏడుస్తున్నారు కూడా."

"అది జిజ్ఞాస."

నా దగ్గరున్న ప్రొఫార్మాలో నింపడానికి నలభై ఆరు కాలాలున్నాయి. నేల గురించి ఒక్కటీ లేదు. జీపెక్కేటప్పుడు చూసుకుంటే నా చెప్పులకి పేడ, దమయంతి గారి చీర కుచ్చెళ్ళకి ఎర్రమట్టి. ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిడని చూశాను. కాలం లేని సంగతి కాలగర్భంలో కలిసిపోయింది.

నెల తిరక్కుండా పథకం తయారైంది. పేరు దగ్గరే చిక్కొచ్చింది. 'చంక' అనే మాట ప్రభుత్వ ఉత్తర్వులో ఉండటం మర్యాద కాదన్నారు. సంస్కృతంలో ఏమంటారని వెతికితే 'కక్ష' అని తేలింది. 'శిశు కక్ష పథకం' అంటే ప్రభుత్వానికి పిల్లల మీద ఏదో పాత పగ ఉన్నట్టుందని ఆర్థిక శాఖ వెనక్కి పంపింది. కింద ఒక 'య' వత్తు తగిలిస్తే 'శిశు కక్ష్య' అయింది. అప్పుడు పిల్లల్ని రాకెట్లో ఎక్కించే పథకమేమోనని ముగ్గురు తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకున్నారు. చివరికి అందరం సిగ్గు విడిచి 'చంక పథకం' అనే ఖాయం చేశాం.

నిబంధనలు నేనే చిత్తు రాశాను. మూడేళ్ళలోపు శిశువు మెలకువగా ఉన్నంతసేపూ మనిషి చంకలో ఉండవలెను. రోజుకి ఎనిమిదికి తక్కువ కాకుండా చంకలు మారవలెను. ఎత్తుకొనుటను 'ఎగుమతి' అనియు, దించుటను 'దిగుమతి' అనియు వ్యవహరించవలెను. దిగుమతి నిషేధము. నిషేధాన్ని అమలు చేయడానికి ప్రతి మంగళవారం పాద పరీక్ష. ఇన్‌స్పెక్టరు తెల్లటి దూదితో శిశువు అరికాలు తుడుస్తారు. దూది మాసిందో, ఆ శిశువు 'నేలపాలైనది' అని నోటీసు. మూడు నోటీసులైతే, నలుగురి ముందు దించితే ఒక్కదానికే, మా సంస్థ నడిపే శిశు సదనంలో సీటు రద్దు.

ఈ చివరి నిబంధన రాసేటప్పుడు నా కలం కాస్త ఆగింది. ఆ సదనంలో మా మనవరాలు వకుళకి సీటుంది. మా అమ్మాయి మంజరి ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. అల్లుడికి ఇంకో జిల్లాలో ఉద్యోగం, మా ఆవిడకి కీళ్ళనొప్పులు. ప్రసూతి సెలవు ముగిసిన మంజరి డ్యూటీలో చేరిందంటే ఆ సీటు పుణ్యమే. సీటు పోతే ఉద్యోగం కూడా పోయినట్టే. అయినా ఆగిన కలం మళ్ళీ కదిలింది. అప్పటికి వకుళకి అయిదో నెల. నేలతో దానికేం పని అనుకున్నాను.

పథకం మొదలయ్యాక జిల్లాలో పిల్లలు దిగలేదు, పెద్దల చేతులు దిగిపోయాయి.

సదనంలో ఇరవై ఇద్దరు పిల్లలు, వాళ్ళకి నూట డెబ్బై ఆరు చంకలు. గోడకి ఎర్రరంగు బోర్డు: 'హెచ్చరిక: క్రింద నేల కలదు.' ఎవరికైనా చంకలు చాలకపోతే మా ఆఫీసు నుంచే డ్యూటీ వేశారు. ఎడమ చంకలో పిల్ల, కుడిచేతిలో కలం. ఎవరైనా వచ్చి, "నా ఫైలు ఎంతవరకు వచ్చిందండీ" అంటే, "అదిగో, కింద ఉంది. వంగితే పిల్ల దిగుమతవుతుంది. పిల్ల మేజరయ్యాక రండి" అనేవాళ్ళం. పథకం విజయవంతమైందని పైనుంచి అభినందనలు వచ్చిన రోజున చంకలు గుద్దుకుందామన్నా వీలు లేకపోయింది. వాటిలో పిల్లలున్నారు.

మా వీధిలో వకుళకి ఎనిమిది మంది జాబితా కట్టాలి. నేను, మా ఆవిడ శేషారత్నం, మంజరి. మిగతా అయిదుగురిలో పై అంతస్తు బ్రహ్మచారి ఇంజనీరొకడు. పిల్లని పళ్ళెంలో హారతి పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. ఇస్త్రీ చేసే అప్పన్న మాత్రం బాగా ఎత్తుకునేవాడు గానీ ఆ సమయంలో అందరి చొక్కాలూ ముడతలతోనే ఇచ్చేవాడు. పథకంలో ఒడి మాదైతే దుడుకులు పిల్లవి. ఒడిదుడుకులంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇంతకీ శిశువు ఎప్పుడు దిగాలి అన్న సందేహం నాలుగో నెలలో వచ్చింది. ఎవడో తండ్రి రాశాడు: 'మా వాడికి మూడేళ్ళు నిండినవి. పద్నాలుగు కిలోలు. దించవచ్చునా?' మూడేళ్ళు నిండితే దించవచ్చని ఉత్తర్వులో లేదు. మూడేళ్ళలోపు ఎత్తుకోవాలని మాత్రమే ఉంది. దించడానికి వేరే ఉత్తర్వు కావాలి. స్పష్టత కోరుతూ పైకి రాశాం. స్పష్టత వచ్చేదాకా ఆ పిల్లవాణ్ణి ఇద్దరు చెరో చంకా కలిపి మోయవలసిందిగా మధ్యంతర ఆదేశం ఇచ్చాం.

వకుళకి పదకొండో నెల వచ్చింది. ఎత్తుకుంటే చేప జారినట్టు జారిపోయేది. కాళ్ళు పొట్టలో తన్నేది. ఎదురుగా పిల్లి నడిచి వెళ్తుంటే మెడ తిప్పి తిప్పి చూసి ఏడ్చేది. పిల్లికి మా పథకం వర్తించదు.

ఒక బుధవారం మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ఆఫీసు నుంచి తొందరగా ఇంటికి వచ్చాను. తలుపు గడియ వేసుంది. కిటికీ తెరలు దించి ఉన్నాయి. మూడుసార్లు కొట్టాక శేషారత్నం తలుపు సందులోంచి చూసింది.

"మీరా. ఇంకా ఆ దూది ఆవిడేమో అనుకున్నాను. లోపలికి రండి, తొందరగా."

బుధవారాలు సదనం ఒంటిపూటే. లోపల వకుళ నేల మీద ఉంది. హాల్లో ఆ చివర నుంచి ఈ చివరికి జరజరా పాకుతోంది. బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళి దాన్ని పట్టుకుని లేచి నిలబడి, డబ్బా మూత మీద రెండు చేతులతో దరువు వేసింది.

"శేషూ, ఏమిటిది?"

"పాకుతోంది. మీ ఆఫీసులో ఏమంటారో నాకు తెలీదు. మా ఇంట్లో పాకడమే అంటారు."

"ఎన్నాళ్ళుగా?"

"నెల్లాళ్ళయింది. మంగళవారం పొద్దున్న పాలమీగడ రాసి మెత్తటి గుడ్డతో తుడిచేస్తున్నాను. మీ దూది మాయదు."

"మంజరికి తెలుసా?"

"మంజరే నేర్పింది. నర్సు కదా, దూది ఎలా మోసపోతుందో దానికి తెలుసు."

నేను కుర్చీలో కూలబడ్డాను. వకుళ నన్ను చూసి నవ్వి, మళ్ళీ కిందికి దిగి, నా చెప్పు నోట్లో పెట్టుకోబోయింది. ఆ నవ్వు చంకలో ఉన్నప్పుడు నేనెప్పుడూ చూడలేదు. వంటింట్లోంచి బెల్లం వాసన వస్తోంది.

"ఏం చేస్తున్నావ్?"

"అరిసెలు. పాకం పడుతున్నాను. రేపో మాపో అడుగేస్తుంది, అడుగుల అరిసెలు వద్దా? మంజరికి చేశాం. మీకు మీ అమ్మ చేసిందని ఎన్నిసార్లు చెప్పారు. బోర్లా పడితే ఒక పిండివంట, అడుగేస్తే ఒక పిండివంట. మంజరి గడప దాటిన రోజున మా అమ్మ గారెలు వండింది. మనవాళ్ళు పిల్లలకి పెట్టిన పండగలన్నీ కింద దించితేనే కదండీ. మీ ఆఫీసులో దీనికి ఫైలు లేదా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

"అది మనింట్లో జరిగేది శేషూ. సంప్రదాయమంటే ఇంకెవరింట్లోనో జరగాలి. జీపు ఎక్కితే గానీ కనపడకూడదు."

శేషారత్నం చేతికంటిన పిండి దులుపుకుంది. "ఇరవై ఏడేళ్ళుగా వెళ్తున్నారు పాపం, రోజూ" అని లోపలికి వెళ్ళింది.

పిల్ల పాకుతోంది, ఇల్లాలు పాకం పడుతోంది, నేను మాత్రం పాకులాడుతున్నాను అనుకున్నాను. తలనొప్పి తగ్గలేదు.

అసలు తలనొప్పి ఆ తర్వాత వారం వచ్చింది. పథకం అర్ధ వార్షికోత్సవానికి జిల్లాలో ఆఖరి నెల దూదులన్నీ తెల్లగా ఉన్న ఏకైక శిశువు ఎవరని లెక్క తీశారు. నిజంగా నేల తాకని పిల్లలకి కూడా చెమటకి దూది కొద్దోగొప్పో మాసింది. పాలమీగడ రాసిన మా వకుళది మాత్రం మల్లెపువ్వులా ఉంది. 'భూస్పర్శ రహిత శిశు శ్రేష్ఠ' బిరుదుకి వకుళ ఎంపికైంది. ఆ ఉత్తర్వు టైపు చేసిన వేళ్ళు నావే.

సభ మునిసిపల్ కల్యాణ మండపంలో. వేదిక మీద డైరెక్టరు గారు, పక్కన శాలువా కప్పించుకోవడానికి నిమ్మలగొంది నుంచి రప్పించిన సింగారమ్మ, ఈ చివర చంకలో వకుళతో నేను. మూడో వరసలో శేషారత్నం, డ్యూటీ దుస్తుల్లోనే వచ్చిన మంజరి. మెట్ల దగ్గర దూది డబ్బాతో దమయంతి గారు. వేదిక మీద అందరూ చూస్తుండగా చివరి పాద పరీక్ష చేయాలని కార్యక్రమంలో ఉంది.

డైరెక్టరు గారు ముప్పావుగంట మాట్లాడారు. "శిశువునకు మనము నడత నేర్పవలెను గాని నడక గాదు. నడక దానంతట అదియే వచ్చును. రాకున్నను నష్టము లేదు, మన చంకలున్నవి" అన్నారు. చప్పట్లు కొట్టడానికి సభలో సగం మందికి చేతులు ఖాళీ లేవు.

తర్వాత మైకు సింగారమ్మ ముందు పెట్టారు.

"అమ్మా, మీ సంస్కృతియందు శిశువు నేలను ఏల తాకదో ఈ సభకు సెలవీయండి."

ఆవిడ మైకుని అనుమానంగా చూసింది. "తాకదేటి బాబూ?"

"అనగా, మీరు పసిబిడ్డలను నేలపై ఉంచరు గదా."

"నేల మీద ఉంచకపోతే ఎక్కడుంచుతాం? మా గుంటలు పుట్టిన కాడ్నించీ నేల మీదే దొర్లుతారు."

సభలో ఎవరో దగ్గారు. డైరెక్టరు గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. "మేము వచ్చిన దినమున ముప్పది యొక్క శిశువులను చంకలందే చూచితిమి గదా."

"ఓ, ఆ దినమా." సింగారమ్మ శాలువా సర్దుకుంది. "మీరొస్తన్నారని ఉత్తరం ఒచ్చింది గదేటి. ఊరు సుబ్బరంగా ఉండాలని రాసినారు. సీకటితో లేసి ఇళ్ళన్నీ పేడా ఎర్రమట్టీ కలిపి అలికేసినాం. ముసురు, ఎండ నేదు. అలుకు ఆరనేదు. గుంటల్ని దించితే అలుకంతా పాడు సేత్తారు గదా. అందుకని ఉన్నోళ్ళం ఉన్నట్టు సంకనేసుకున్నాం. సేతులు పడిపోనాయి బాబూ. ఒకరికి నొప్పెడితే ఇంకొకరం. మీరెప్పుడు ఎల్తారా అని సూసినాం. జీపు మలుపు తిరిగిందో నేదో, అందర్నీ దించీసినాం."

డైరెక్టరు గారు నా వంక చూశారు. ఆ ఉత్తరం కింద సంతకం ఆయనది, వాక్యం నాది. నేను దమయంతి గారి వంక చూశాను. ఆవిడ తన చీర కుచ్చెళ్ళ వంక చూసుకుంది.

వకుళ నా పొట్టలో ఫెడీమని తన్నింది.

"ఆ గుంటదాన్ని దించు నాయనా," అంది సింగారమ్మ మైకులోనే. "సూడు ఎలాగ తన్నుతందో. నడిసే ఈడు దానికి."

దించితే ఏమవుతుందో నాకు తెలుసు. బిరుదు పోతుంది, సీటు పోతుంది, మూడో వరసలో ఉన్న తెల్ల దుస్తులు రేపణ్ణించి బీరువాలో ఉంటాయి. ఆ నిబంధన రాసింది నేనే. ఎవరి అనుమతి కోరాలో తెలియక మంజరి వంక చూశాను. తను అప్పటికే లేచి నిలబడి ఉంది.

"దించు నాన్నా," అంది. "నా సంగతి నేను చూసుకుంటాను. దించు."

ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఫైలు లేకుండా ఒక పని చేశాను. వంగి వకుళని వేదిక మీద నిలబెట్టాను. అది నా ప్యాంటు మడత పట్టుకుని ఒకసారి సభనంతా కలయజూసింది. తర్వాత మడత వదిలేసింది. ఒక అడుగు. ఆగింది. రెండు. మూడోది పక్కకి పడింది, నాలుగోది సింగారమ్మ వైపు. అయిదోది వెయ్యబోయి చతికిలబడి, చప్పట్లు తనే కొట్టుకుంది. సభ మొత్తంలో చేతులు ఖాళీగా ఉన్నది దానికే.

శేషారత్నం కీళ్ళనొప్పులు మర్చిపోయి మెట్లెక్కింది. చేతిసంచీలోంచి స్టీలు డబ్బా తీసి, విస్తరాకు పరిచి, అరిసెలు పేర్చి, పిల్లని లేవదీసి వాటి మీద కాలు పెట్టించింది. ఈ డబ్బా వారం రోజులుగా ఎక్కడికి వెళ్ళినా తనతోనే తిప్పుతోందని తర్వాత తెలిసింది. సింగారమ్మ ఒక అరిసె అందుకుని కొరికి, "పాకం కుదిరింది" అంది.

కిందికి చూస్తే, మండపంలో ఒకరి తర్వాత ఒకరు, చప్పుడు చేయకుండా, పిల్లల్ని కిందికి దించుతున్నారు.

ఇంకెవరైనా అయితే సభ ముగించి ఇంటికెళ్ళేవారు. పరాంకుశం గారు మైకు సవరించుకున్నారు.

"సభాసదులారా, ఇది మన అధ్యయనమునకు అపజయము గాదు, అనుబంధము. ఇంతవరకు మన పథకమున ఒక్కటే లోపించినది. అది తడి. నేల తడిగా నుండుటచే శిశువులు చంకనెక్కిరి. మనము చంకను తీసుకొని తడిని విడిచితిమి. ఇకపై ప్రతి గృహమునందును నేల తడిగా నుండవలెను. జోగారావు గారూ, రాసుకోండి."

రాసుకున్నాను. రాసుకుంటూనే, పక్కకి వంగి మెల్లిగా అడిగాను. "మరి మా పిల్ల సంగతి సార్? సీటు..."

తన పేరుతో ప్రకటించిన శిశు శ్రేష్ఠ తన ముందే నేలపాలైతే ఎవరి మీదికి వస్తుందో ఆయనకి తెలుసు. "వేదిక 'నేల' అను నిర్వచనము కిందికి రాదు. అరిసె అసలే రాదు. శిశువు భూస్పర్శ చేసినట్లు ఆధారము లేదు" అన్నారు.

దూది అక్కర్లేకుండానే కార్యక్రమం ముగిసింది.

తడి నేల ఉత్తర్వు పది రోజుల్లో వెలువడింది. ప్రతి ఇల్లూ పొద్దున్న ఏడు లోపు తడి చేయాలి. తనిఖీ అయ్యేదాకా ఆరరాదు. ఆరిన ఇంటికి నోటీసు. ఇన్‌స్పెక్టర్లకి దూది బదులు అద్దుడు కాగితం ఇచ్చారు. జిల్లాలో ఆ వారం జారిపడిన పెద్దల్ని 'సంప్రదాయ పతనము' అనే పద్దులో చేర్చాం.

మంగళవారం పొద్దున్నే దమయంతి గారు మా ఇంటికి వచ్చారు. శేషారత్నం హాలంతా తడిగుడ్డ పెట్టి ఉంచింది. ఇన్‌స్పెక్టరు గారు వంగి అద్దుడు కాగితం నేల మీద ఒత్తారు, ఎత్తి చూశారు, తలాడించారు. తర్వాత కలం తీసి రాయబోయి ఆగిపోయారు.

తడి నేల మీద వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా వరసగా పాదముద్రలు. ఒక్కొక్కటీ తమలపాకంత. మధ్యలో రెండు చోట్ల గుండ్రంగా, ఎవరో చతికిలబడినట్టు.

"ఈ పాదాలెవరివండీ?"

మంజరి డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడిపోయింది. తెర వెనకాల ఎవరో కిలకిల నవ్వారు. శేషారత్నం ఆ తెర మీద చెయ్యి వేసి పట్టుకుంది.

"నావి," అన్నాను.

దమయంతి గారు నా కాళ్ళ వంక చూశారు. నా చెప్పుల సైజు తొమ్మిది. తర్వాత నేల వంక చూశారు.

"ఆ రోజు నిమ్మలగొందిలో నా కుచ్చెళ్ళు మోకాలిదాకా తడిశాయి జోగారావు గారూ," అన్నారు మెల్లిగా. "ప్రొఫార్మాలో కాలం లేదని నేనూ రాయలేదు."

కాగితం మీద రాశారు. నేను పక్కనుంచి చదివాను. 'నేల తృప్తికరముగా తడిసియున్నది. పాదముద్రలు: తాతగారివి.'

సంతకం పెట్టి, శేషారత్నం ఇచ్చిన అరిసె కాగితంలో చుట్టుకుని, తడి మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వీధి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"తాతగారు గడప దాటిన రోజున కబురు పెట్టండి," అన్నారు. "గారెలంటే నాకిష్టం."